మెషిన్ ఆపరేటరు ఉద్యోగం: నైపుణ్యం పెంచుకునే మెట్లు, తృప్తి దొరికే చోట్లు

మన ట్రస్టు స్కాలర్‌షిప్ అందుకునే పిల్లల్లో ప్రతి ఏడాదీ కొందరు ఐ.టి.ఐ.లో చేరుతున్నారు. వారి కోసం, వారి తల్లిదండ్రుల కోసం ఒక పాఠం రాయమని ట్రస్టు పెద్దలు అడిగారు. నేను హోసూరు దగ్గరి పల్లెలో, తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టినవాణ్ణి. పదో తరగతి తరువాత ఐ.టి.ఐ.లో టర్నర్ ట్రేడు చదివాను. అప్రెంటిస్ పూర్తి చేసి, ఇరవై మూడేళ్ళుగా లేతు మెషిన్ల మీద పనిచేస్తున్నాను. మొదట చేత్తో చక్రం తిప్పే లేతు, తరువాత సి.ఎన్.సి. టర్నింగ్ సెంటరు. ఇప్పుడు మెషిన్ సెట్టింగు చేస్తూ, కొత్తగా వచ్చే పిల్లలకు పని నేర్పుతున్నాను.

"ఆపరేటరంటే బటన్ నొక్కేవాడే కదా, దానికి రెండేళ్ళ చదువు ఎందుకు?" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఆ ప్రశ్నలో కొంత నిజం ఉంది. ముక్క బిగించి, బటన్ నొక్కి, ముక్క తీయడంతో ఆగిపోయిన వాళ్ళను నేను చాలామందిని చూశాను. పదేళ్ళ తరువాత కూడా వాళ్ళది మొదటి రోజు పనే. కంపెనీలో ఆర్డర్లు తగ్గితే ముందుగా ఇంటికి వెళ్ళేది కూడా వాళ్ళే. అదే ఏడాదిలో, అదే మెషిన్ ముందు పని మొదలుపెట్టి సెట్టరు, ప్రోగ్రామరు, షిఫ్టు ఇన్‌చార్జి అయినవాళ్ళూ ఉన్నారు. ఈ రెండు దారులు ఎక్కడ విడిపోతాయో చెప్పడమే ఈ పాఠం ఉద్దేశం.

యంత్రం మనవాళ్ళకు కొత్త కాదు

తెలంగాణ జిల్లాల నుంచి సోలాపూరుకు వలస వెళ్ళిన పద్మశాలీలు మగ్గాల మీద, తరువాత పవర్లూమ్‌ల మీద తరతరాలుగా పనిచేశారు. సోలాపూరు దుప్పట్లకు, తువ్వాళ్ళకు పేరు రావడంలో వారి చేతులున్నాయి. పవర్లూమ్ నడిపిన పెద్దవారిని అడగండి, శబ్దం మారగానే ఏదో తేడా వచ్చిందని చెబుతారు. ఆ చెవి నేటి ఆపరేటరుకూ కావాలి.

కోయంబత్తూరులో జి.డి.నాయుడు గారి పేరు తెలియనివారు ఉండరు. 1893లో తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన బడి చదువు పూర్తి చేయలేదు. హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో మోటారు సైకిలు కొని, దాన్ని విప్పి మళ్ళీ బిగించి యంత్రాన్ని అర్థం చేసుకున్నారు. 1920లో ఒకే ఒక్క బస్సుతో రవాణా మొదలుపెట్టారు. 1937లో డి.బాలసుందరం నాయుడు గారితో కలిసి విద్యుత్ మోటారు తయారు చేశారు. ఆయన నుంచి మనం నేర్చుకోవలసింది బడి మానేయడం కాదు. యంత్రం లోపల ఏం జరుగుతోందో తెలిసేవరకు వదలని గుణం.

ఇక బెంగళూరు సంగతి. 1953లో అక్కడ హిందుస్థాన్ మెషిన్ టూల్స్ స్థాపించారు. ఆ తరువాత ఆ నగరం చుట్టూ మెషిన్లు తయారు చేసే కంపెనీలు చాలా వచ్చాయి. పీణ్యా నుంచి హోసూరు వరకు ఉన్న చిన్న, పెద్ద వర్క్‌షాపుల్లో తెలుగు, కన్నడ, తమిళం, హిందీ కలిసి వినిపిస్తాయి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీయో నేర్చుకున్న మన పిల్లలకు ఇది అనుకూలమైన విషయం. పైగా డ్రాయింగుకు ఒకటే భాష. ఏ మీడియంలో చదివినా గీత గీతే, అంకె అంకే.

సి.ఎన్.సి. మెషిన్ ఏం చేస్తుంది?

చేత్తో నడిపే లేతులో పనిముట్టును ఎంత జరపాలో ఆపరేటరు చెయ్యి నిర్ణయిస్తుంది. సి.ఎన్.సి.లో అంకెలు నిర్ణయిస్తాయి. అంకెలతో నడిచే మిల్లింగ్ మెషిన్‌ను 1952లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో మొదటిసారి ప్రదర్శించారు. తరువాత కంప్యూటరు వచ్చి చేరింది.

టర్నింగ్ సెంటరులో ముక్క చక్‌లో బిగిసి గుండ్రంగా తిరుగుతుంది. టూలు రెండు దిశల్లో కదులుతుంది. వ్యాసాన్ని మార్చే దిశ ఎక్స్, పొడవు వెంబడి పోయే దిశ జెడ్. ప్రోగ్రాములో రెండు వరుసలు చూడండి.

జి 00 ఎక్స్ 38 జెడ్ 2
జి 01 జెడ్ -30 ఎఫ్ 0.2

మొదటి వరుస: టూలు గాలిలో వేగంగా 38 మి.మీ. వ్యాసం దగ్గరకు, ముక్క ముఖానికి 2 మి.మీ. ముందుకు రావాలి. రెండో వరుస: అక్కడి నుంచి ముక్కను కోస్తూ 30 మి.మీ. లోపలికి పోవాలి. స్పిండిల్ ఒక చుట్టు తిరిగేసరికి టూలు 0.2 మి.మీ. జరగాలి. ఇంతే. పెద్ద ప్రోగ్రాము కూడా ఇలాంటి వరుసల పేర్పే. భయపడవలసిన పని లేదు.

అయితే మెషిన్ చెప్పినది మాత్రమే చేస్తుంది. టూలు అరిగిందా, ముక్క సరిగా బిగిసిందా, కొలత వేడిలో తీశారా చల్లారాక తీశారా అన్నది దానికి తెలియదు. అది తెలుసుకునే మనిషే ఆపరేటరు.

మొదటి మెట్టు: కొలవడం

పనిలో చేరిన మొదటి ఆరు నెలలు కొలత మీదే దృష్టి పెట్టండి. మామూలు వెర్నియర్ కాలిపర్ 0.02 మి.మీ. వరకు చూపుతుంది. మైక్రోమీటరు 0.01 మి.మీ. వరకు చూపుతుంది. మన తలవెంట్రుక మందం సుమారు 0.05 నుంచి 0.1 మి.మీ. ఉంటుంది. అంటే వెంట్రుకలో పదో వంతు తేడాతో ముక్క పనికి రావడమా, చెత్తబుట్టలో పడడమా తేలిపోతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. డ్రాయింగులో షాఫ్టు వ్యాసం 50 మి.మీ. అనుమతించిన తేడా పైకి సున్న, కిందికి 0.025. కాబట్టి ముక్క 50.000కు, 49.975కు మధ్య ఉండాలి. మెషిన్ నుంచి తీయగానే కొలిస్తే 49.985 వచ్చింది. బాగుంది అనిపిస్తుంది. కాని ఆ ముక్క మామూలు ఉష్ణోగ్రత కంటే 20 డిగ్రీలు వేడిగా ఉంది అనుకుందాం. ఒక మీటరు ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 11.5 మైక్రాన్లు సాగుతుంది. 50 మి.మీ. ముక్క 20 డిగ్రీలకు సాగేది 0.0115 మి.మీ. చల్లారిన తరువాత అదే ముక్క 49.9735. కింది హద్దు దాటిపోయింది. తిరస్కరించాల్సిందే.

ప్రపంచమంతటా కొలతలకు 20 డిగ్రీల సెల్సియస్‌ను ప్రామాణిక ఉష్ణోగ్రతగా పెట్టుకున్నది ఇందుకే. మైక్రోమీటరును గంటల తరబడి అరచేతిలో పట్టుకోవద్దని, ముక్కను తుడిచి, చల్లారనిచ్చి కొలవమని పెద్దలు చెప్పేదీ ఇందుకే. ఎనిమిదో తరగతి సామాన్య శాస్త్రంలో చదివిన "వేడికి లోహాలు వ్యాకోచిస్తాయి" అన్న వాక్యం ఇక్కడ జీతంగా మారుతుంది.

రెండో మెట్టు: ఆఫ్‌సెట్, ముందుచూపు

టూలు కోస్తూ కోస్తూ అరుగుతుంది. అరిగిన కొద్దీ అది ముక్కను తక్కువగా కోస్తుంది. బయటి వ్యాసం నెమ్మదిగా పెరుగుతుంది. దీన్ని సరిచేయడానికి మెషిన్‌లో వేర్ ఆఫ్‌సెట్ అనే చోటు ఉంది. వ్యాసం 0.02 తగ్గాలంటే ఎక్స్‌లో మైనస్ 0.02 ఇస్తాం. అంకె ముందు మైనస్ మరిచిపోతే ముక్క రెట్టింపు తప్పుతుంది. అంకె వేశాక ఒకసారి చదివి, తరువాతే సైకిల్ స్టార్ట్ నొక్కడం అలవాటు చేసుకోవాలి.

ఇక్కడే రెండు రకాల ఆపరేటర్లు వేరవుతారు. పై హద్దు 25.000 ఉన్న పనిలో, ప్రతి ఐదో ముక్కకు కొలతలు ఇలా వచ్చాయి: 24.984, 24.987, 24.990, 24.993. మొదటి రకం ఆపరేటరు "హద్దులోనే ఉంది" అని పోనిస్తాడు. ఇంకో పదీ పదిహేను ముక్కల తరువాత హద్దు దాటుతుంది, ఆ తరువాత వచ్చేవన్నీ పాడవుతాయి. రెండో రకం ఆపరేటరు అంకెల వరుసను చూస్తాడు. ప్రతి ఐదు ముక్కలకు 0.003 పెరుగుతోందని గుర్తించి, ముందే సరిచేస్తాడు. ఇద్దరూ నొక్కేది అదే బటన్. కంపెనీ పదోన్నతి ఇవ్వాలనుకునేది మాత్రం రెండోవాడికే.

అందుకే కొత్తవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట: జేబులో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. ఏ పని, ఏ టూలు, ఎన్ని ముక్కలకు ఎంత అరిగింది, ఏ ఆఫ్‌సెట్ ఇచ్చారు అని రాసుకోండి. ఆరు నెలల తరువాత ఆ బుక్కే మీకు పాఠ్యపుస్తకం.

మూడో మెట్టు: వేగం, ఫీడు

ముక్క నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలి? దీనికి ఒక సూత్రం ఉంది. కోత వేగాన్ని 1000తో గుణించి, పైతో, వ్యాసంతో భాగించాలి. కోత వేగం నిమిషానికి మీటర్లలో, వ్యాసం మిల్లీమీటర్లలో ఉంటుంది. మైల్డ్ స్టీలు ముక్క వ్యాసం 40 మి.మీ., కార్బైడ్ టూలుకు వేగం 150 మీటర్లు తీసుకుందాం. 1,50,000ను 3.1416తో, 40తో భాగిస్తే సుమారు 1194 చుట్లు. అదే వేగానికి వ్యాసం 20 మి.మీ. అయితే 2387 చుట్లు. వ్యాసం సగమైతే చుట్లు రెట్టింపు. ముఖాన్ని కోసేటప్పుడు మెషిన్ మధ్యకు పోయేకొద్దీ శబ్దం ఎందుకు పెరుగుతుందో ఇప్పుడు అర్థమవుతుంది. జి 96 అనే కోడు కోత వేగాన్ని స్థిరంగా ఉంచడానికి చుట్లు పెంచుతూ పోతుంది. అందుకే గరిష్ఠ చుట్లకు హద్దు పెట్టకుండా దాన్ని వాడకూడదు.

ఇన్సర్ట్ డబ్బా మీద అంకెలను కూడా చదవడం నేర్చుకోండి. సి.ఎన్.ఎమ్.జి. 120408 అని ఉంటే, చివరి 08 అంటే ముక్కు వంపు వ్యాసార్ధం 0.8 మి.మీ. దీనికి ఫీడుకు సంబంధం ఉంది. ముక్క మీద మిగిలే గీతల ఎత్తు సుమారుగా ఫీడు వర్గాన్ని, ముక్కు వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే వస్తుంది. ఫీడు 0.2 అయితే 0.04ను 6.4తో భాగించాలి: 6.25 మైక్రాన్లు. ఫీడు 0.1 చేస్తే 1.56 మైక్రాన్లు. ఫీడు సగమైతే గరుకు నాలుగో వంతు అవుతుంది. కాని కోతకు పట్టే కాలం రెట్టింపు అవుతుంది. నునుపు ఎంత కావాలి, కాలం ఎంత ఖర్చు పెట్టవచ్చు అన్న లెక్క తెలిసిన ఆపరేటరు మాటకు ఇంజనీరు కూడా విలువ ఇస్తాడు.

"లెక్కలు రాకపోతే ఐ.టి.ఐ.కి పంపుదాం" అనే మాట మన ఇళ్ళలో వినిపిస్తుంది. ఆ మాట సరికాదు. ఈ పనికి పెద్ద లెక్కలు అక్కర్లేదు గాని దశాంశాలు, నిష్పత్తులు, త్రిభుజాలు గట్టిగా రావాలి.

నాలుగో మెట్టు: సెట్టింగు, ప్రోగ్రాము

కొత్త పని వచ్చినప్పుడు చక్ జాలు మార్చడం, వాటిని ముక్క వ్యాసానికి బోరు చేయడం, టూళ్ళు పెట్టి ఒక్కొక్కదానికి ఆఫ్‌సెట్ తీయడం, ముక్క సున్న స్థానం ఇవ్వడం, మొదటి ముక్క తీసి పాస్ చేయించడం సెట్టరు పని. మొదటి ముక్కకు సింగిల్ బ్లాక్ పెట్టి, ర్యాపిడ్ తగ్గించి, ఫీడ్ హోల్డ్ బటన్ మీద వేలు ఉంచి ఒక్కో వరుస నడపాలి. తెర మీద మిగిలిన దూరం చూసి, టూలుకు ముక్కకు మధ్య కంటికి కనిపించే ఎడంతో పోల్చాలి. తెర 40 మి.మీ. మిగిలింది అంటుంటే కంటికి 10 మాత్రమే కనిపిస్తే ఆపేయాలి. అనుమానం వచ్చినప్పుడు ఆపిన ఆపరేటరును ఏ మంచి సూపర్‌వైజరూ తిట్టడు.

నా అనుభవంలో ఆసక్తి ఉన్న పిల్లలకు ఆపరేటరు నుంచి సెట్టరు కావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. సెట్టింగు జరుగుతున్నప్పుడు టీకి వెళ్ళిపోకుండా పక్కన నిలబడినవాళ్ళకు ఇంకా త్వరగా వస్తుంది. "అన్నా, ఈ జా నేను బిగిస్తాను" అని అడగండి. అడిగిన పది సార్లలో మూడు సార్లైనా చేతికి ఇస్తారు.

ఆ తరువాతిది లోపం పసిగట్టే విద్య. షాఫ్టు ఒక చివర లావు, ఒక చివర సన్నం వస్తోందంటే ముక్క వంగుతోందా, టెయిల్‌స్టాక్ వరుస తప్పిందా చూడాలి. ముక్క మీద అలలు వస్తే టూలు బయటికి ఎక్కువ పొడుచుకు వచ్చిందా, బిగింపు సడలిందా చూడాలి. పెద్ద డాక్టరు నాడి పట్టినట్టు, ఒక్కో కారణం తీసివేస్తూ పోవాలి. ఒకేసారి మూడు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

చేతులు పోతే రావు

ఈ ఉద్యోగంలో పణం పెట్టేది మన శరీరాన్ని. నా మొదటి రోజుల్లో ఒక చిన్న వర్క్‌షాపులో, ఉత్పత్తి త్వరగా రావాలని మెషిన్ తలుపు స్విచ్చిని పనిచేయకుండా తీగతో కట్టేశారు. తలుపు తెరిచి ఉన్నా స్పిండిల్ తిరిగేది. నా తోటి కుర్రాడు తిరుగుతున్న ముక్క మీది ఉక్కు పొట్టును గుడ్డతో లాగబోయాడు. గుడ్డ చుట్టుకుంది. కుడి చేతి రెండు వేళ్ళు పోయాయి. అతనికి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఆ తరువాత అతను మైక్రోమీటరు పట్టలేకపోయాడు. నేను కూడా కొద్ది రోజులకే అక్కడ మానేశాను.

ఈ నియమాలను పాఠంలా కాక ప్రమాణంలా పాటించండి. తిరిగే మెషిన్ దగ్గర చేతి తొడుగు వద్దు, గుడ్డ వద్దు, ఉంగరం, కడియం, వేలాడే దారం వద్దు. పొట్టును కొక్కెంతో తీయాలి, అదీ స్పిండిల్ ఆగాక. తలుపు స్విచ్చిని ఎవరు కట్టేసినా ఆ మెషిన్ నడపనని చెప్పాలి. గాలి గొట్టాన్ని ఒంటి మీదికి పట్టుకోకూడదు. కళ్ళద్దాలు, స్టీలు టో బూట్లు తప్పనిసరి. కూలెంట్ తగిలిన చేతులను షిఫ్టు చివర సబ్బుతో కడుక్కోవాలి, లేకపోతే చర్మం పగిలి దురద మొదలవుతుంది. శబ్దం ఎక్కువున్న చోట చెవి ప్లగ్గులు పెట్టుకోవాలి. చెవుడు ఒక్కరోజులో రాదు, వచ్చాక పోదు.

తృప్తి ఎక్కడి నుంచి వస్తుంది?

జీతం ముఖ్యమే. ఇల్లు గడవకపోతే తృప్తి మాట ఎత్తకూడదు. అయితే ఒకే జీతం తీసుకునే ఇద్దరిలో ఒకడు ఉత్సాహంగా, ఒకడు నీరసంగా ఎందుకు ఉంటాడు? 1970లలో అమెరికాలో రిచర్డ్ హాక్‌మన్, గ్రెగ్ ఓల్డ్‌హామ్ అనే పరిశోధకులు దీని మీద పనిచేసి ఐదు విషయాలు చెప్పారు. పనిలో వేర్వేరు నైపుణ్యాలు వాడాలి. పని మొదటి నుంచి చివరి వరకు ఒక పూర్తి వస్తువుగా కనిపించాలి. అది ఇతరులకు ఉపయోగమని తెలియాలి. కొంత స్వేచ్ఛ ఉండాలి. పని ఎలా జరిగిందో వెంటనే తెలియాలి.

మన మెషిన్ దగ్గర వీటిని చూద్దాం. ఐదోది మనకు పుష్కలంగా ఉంది. మైక్రోమీటరు అబద్ధం చెప్పదు, మొహమాటపడదు. ముక్క బాగుందో లేదో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఆఫీసు పనిలో ఏడాది చివర గాని తెలియని విషయం మనకు రోజుకు నూరు సార్లు తెలుస్తుంది.

మిగతా నాలుగు వాటంతట అవి రావు, తెచ్చుకోవాలి. మీరు చేసే ముక్క ఎక్కడికి పోతుందో అడగండి. బ్రేకు భాగమా, పంపు షాఫ్టా, స్టీరింగు భాగమా తెలుసుకోండి. ఆ భాగం మీద ఒక కుటుంబం ప్రాణం ఆధారపడి ఉందని తెలిసినవాడు అనుమానపు ముక్కను మంచి ముక్కల్లో కలపడు. భువనేశ్వరులోని సెంట్రల్ టూల్ రూమ్ అండ్ ట్రైనింగ్ సెంటరులో తయారైన భాగాలు 2023లో చంద్రయాన్-3లో వాడారు. అవి కూడా ఇలాంటి మెషిన్ల మీద, కొలత తప్పకుండా పనిచేసిన మనుషుల చేతుల్లో తయారైనవే.

స్వేచ్ఛ నమ్మకంతో వస్తుంది. మొదట ఆఫ్‌సెట్ మార్చే అనుమతి, తరువాత ఇన్సర్ట్ మార్చే నిర్ణయం, తరువాత ఫీడు మార్చే సలహా. ఒక్కొక్కటి మీ నోటుబుక్కు చూపించి సంపాదించుకోవాలి.

చేదు నిజం కూడా చెప్పాలి. ఎనిమిది గంటలు నిలబడితే కాళ్ళు లాగుతాయి. రాత్రి షిఫ్టు వారంలో నిద్ర చెడుతుంది. నెలల తరబడి ఒకే ముక్క చేస్తే విసుగు వస్తుంది. విసుగు వచ్చిన రోజునే ప్రమాదాలు ఎక్కువ. అలాంటప్పుడు మరో మెషిన్‌కు మార్చమని అడగండి, లేదా అదే పనిలో ఒక చిన్న మెరుగుదల వెతకండి. ముక్క అందుకునే ట్రే ఎత్తు మార్చినా నడుము నొప్పి తగ్గవచ్చు. మూడేళ్ళు అడిగినా ఏమీ నేర్పని చోట ఉండిపోవడం మాత్రం మంచిది కాదు. కోపంతో రాజీనామా చేయకుండా, ఇంకో చోట చూసుకుని మర్యాదగా బయటకు రండి.

ఎక్కడ చదవాలి?

పదో తరగతి పాసైనవారికి ఐ.టి.ఐ.లో టర్నర్, మెషినిస్ట్, ఫిట్టర్ ట్రేడులు రెండేళ్ళవి. జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థేనా అని చేరేముందే చూసుకోండి. తరువాత 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద కంపెనీలో శిక్షణ పొందవచ్చు, స్టైపెండు ఇస్తారు. చివర పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. ఆ ఏడాదిని వృథా అనుకోకండి. అసలు చదువు అక్కడే.

మన వారున్న ప్రాంతాల్లో చూస్తే, హోసూరులోనూ యానాంలోనూ ప్రభుత్వ ఐ.టి.ఐ.లు ఉన్నాయి. ఒడిశాలో బరంపురం ప్రభుత్వ ఐ.టి.ఐ.కి మంచి పేరుంది. కర్ణాటకలో 1972లో డెన్మార్క్ సహకారంతో మొదలైన ప్రభుత్వ టూల్ రూమ్ శిక్షణ కేంద్రం, జి.టి.టి.సి., అనేక ఊళ్ళలో శాఖలు నడుపుతోంది. మహారాష్ట్రలో ఔరంగాబాదులో, అంటే నేటి ఛత్రపతి సంభాజీనగర్‌లో, ఇండో జర్మన్ టూల్ రూమ్ ఉంది. వీటిలో టూల్ అండ్ డై డిప్లొమాలు, సి.ఎన్.సి. కోర్సులు ఉంటాయి. రెండేళ్ళ ఐ.టి.ఐ. చేసినవారు చాలా రాష్ట్రాల్లో పాలిటెక్నిక్ డిప్లొమా రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. కనుక ఐ.టి.ఐ.తో చదువు తలుపు మూసుకుపోదు. వరల్డ్‌స్కిల్స్ అంతర్జాతీయ పోటీలో సి.ఎన్.సి. టర్నింగ్, సి.ఎన్.సి. మిల్లింగ్ కూడా విభాగాలే.

ఆడపిల్లలను ఈ ట్రేడులకు పంపడానికి వెనుకాడే తల్లిదండ్రులకు ఒక మాట. చక్ బిగించేది ఇప్పుడు హైడ్రాలిక్ ఒత్తిడి, కండబలం కాదు. నేను నేర్పినవారిలో కొలత విషయంలో అందరికంటే నమ్మకంగా ఉన్నది ఒక అమ్మాయే. ఇప్పుడు ఆమె సెట్టరు. హాస్టలు, రాత్రి షిఫ్టు రవాణా ఎలా ఉన్నాయో మీరే స్వయంగా వెళ్ళి చూసి నిర్ణయించుకోండి.

ఉద్యోగంలో చేరేముందు అడగవలసినవి

1. నియామకం కంపెనీ పేరు మీదా, కాంట్రాక్టరు పేరు మీదా? నియామక పత్రం ఇస్తారా?
2. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. ఉన్నాయా? నంబర్లు ఎప్పుడు ఇస్తారు?
3. ఓవర్‌టైముకు చట్టం చెప్పినట్టు రెట్టింపు వేతనం ఇస్తారా?
4. మెషిన్ తలుపుల స్విచ్చిలు, ఎమర్జెన్సీ స్టాపులు పనిచేస్తున్నాయా?
5. ఏడాది తరువాత సెట్టింగు నేర్చుకునే అవకాశం ఇస్తారా?

ఐదో ప్రశ్నకు నవ్వి ఊరుకునే చోటు కంటే, రెండు వేలు తక్కువ ఇచ్చినా నేర్పే చోటు మేలు. తల్లిదండ్రులు ఈ ఒక్క విషయంలో పిల్లల పక్కన నిలబడాలి. మొదటి రెండేళ్ళు ఇంటికి పంపే డబ్బు కొంచెం తగ్గినా ఓర్చుకోండి.

అభ్యాసం

పిల్లలు ఈ లెక్కలు చేసి చూడండి. జవాబులు కింద ఉన్నాయి, ముందే చూడవద్దు.

1. ముక్క వ్యాసం 50 మి.మీ., కోత వేగం నిమిషానికి 157 మీటర్లు. చుట్లు ఎన్ని?
2. ఆ చుట్లతో, ఫీడు 0.2తో, 60 మి.మీ. పొడవు కోయడానికి ఎన్ని సెకన్లు?
3. వ్యాసం 29.98కి, 30.00కి మధ్య ఉండాలి. ముక్క 30.02 వచ్చింది. సరిగ్గా మధ్యకు తేవాలంటే ఎక్స్ వేర్ ఆఫ్‌సెట్ ఎంత?
4. ముక్కు వ్యాసార్ధం 0.4 మి.మీ., ఫీడు 0.2. గీతల ఎత్తు ఎన్ని మైక్రాన్లు? ఫీడు 0.1 అయితే?
5. 80 మి.మీ. ఉక్కు ముక్క 10 డిగ్రీలు వేడిగా ఉంది. చల్లారితే వ్యాసం ఎంత తగ్గుతుంది?

జవాబులు: 1) సుమారు 1000. 2) 18 సెకన్లు. 3) మైనస్ 0.03. 4) 12.5; 3.125. 5) 0.0092 మి.మీ.

ఐదింటిలో మూడు వచ్చినా ఈ పనికి కావలసిన బుర్ర మీకు ఉన్నట్టే. రానివి మీ లెక్కల మాస్టారును అడగండి. ఆయనకు కూడా సంతోషంగా ఉంటుంది, తాను చెప్పే దశాంశాలు ఉక్కు మీద ఎలా పనిచేస్తాయో చూసి.